గంటా పది నిమిషాలు

నా భార్య ఆఖరిచూపు నాకు దక్కకుండా చేసినవాడు నా బావమరిది. ఇందులో వాదన లేదు.

ఆమె గుండెకు ఆపరేషన్ పక్క దేశంలో, అక్కడి పెద్ద ఆసుపత్రిలో. వారం ముందే తన అక్కను తోడు తీసుకుని వెళ్లింది. నా పాస్‌పోర్టు ఆపరేషన్ ముందురోజు గాని చేతికి రాలేదు. ఆ సాయంత్రం ఫోన్ చేసింది.

"రేపు నాలుగింటికి లోపలికి తీసుకెళ్తారంట. ఆలోపు వచ్చి మొహం చూపించు. నువ్వు కనబడితే నాకు భయముండదు."

"వస్తాలే" అన్నాను.

బావమరిది లెక్కల మాస్టారు. టికెట్ కొనే పని వాడిదే. నేను వడ్రంగిని, ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి. పొద్దున ఏడింటి విమానం చూడమన్నాను.

"అంత పొద్దున్నే పోయి అక్కడ ఈగలు తోలతావా బావా? ఆరువందల కిలోమీటర్లు, గంటా పది నిమిషాలు. ఇదిగో, ఫోన్‌లోనే ఉంది. ఒంటిగంటన్నరకి ఎక్కితే రెండూ నలభైకి దిగుతావు. అక్కణ్ణించి ఆసుపత్రి అరగంట. టీ తాగి మరీ వెళ్లొచ్చు."

టికెట్ చేతిలో పెట్టాడు. దిగే వేళ మూడూ నలభై అని ఉంది. అంకెలు నాకూ వచ్చు.

"ఇదేంట్రా, మూడూ నలభై అంటున్నాడు?"

"ఆలస్యమైతే మనం గొడవ చేస్తామని ఓ గంట కలిపి వేసుకుంటారు. మాస్టారికే లెక్కలు చెప్తావా బావా?"

నవ్వాడు. నేను నోరు మూసుకున్నాను.

విమానం సరిగ్గా గంటా పది నిమిషాలకే దిగింది. నా చేతి గడియారంలో రెండూ నలభై. ఎదురుగా గోడ గడియారంలో మూడూ నలభై. పాడైందనుకున్నాను. పక్కన ఇంకొకటుంది. అదీ అంతే. ముందు నడుస్తున్న ఒకాయన్ని అడిగాను.

"ఇక్కడ మనకంటే గంట ముందండీ" అన్నాడు.

పాస్‌పోర్టుకు ముద్ర వేసేచోట నా ముందు యాభై, అరవై మంది. ఫోన్‌కు సిగ్నల్ లేదు. కాపలావాడి దగ్గరికెళ్లి "నా భార్య..." అన్నాను. వాడికి నా భాష రాదు. నేలమీది పసుప్పచ్చ గీత చూపించాడు. మళ్ళీ గీత వెనక్కి వెళ్లి నిలబడ్డాను. మూడూ యాభై ఐదు. నాలుగు. నాలుగూ ఐదు. గోడకేసి చూడటం తప్ప నా చేతుల్లో ఏమీ లేదు.

ఆసుపత్రి చేరేసరికి ఐదు. వదిన గుమ్మంలోనే ఉంది.

"తల దువ్వమంది మరిదీ. ఇట్లా చూస్తే నువ్వు ఎగతాళి చేస్తావంట. డాక్టర్ని బతిమాలి పది నిమిషాలు ఆపించింది. తలుపుకేసి చూస్తూనే లోపలికి వెళ్లింది."

లోపలినుంచి ఆమె ప్రాణంతో రాలేదు.

వాడికీ సొంత అక్కే కదా అంటారు. అక్కే. అయితే?

నాలుగేళ్లయింది. ఇప్పటికీ వస్తాడు. "బావా, గంట తేడా ఉంటుందని నాకేం తెలుసు..." అని మొదలుపెడతాడు. నేను రంపం అందుకుంటాను. చెక్క కోస్తున్నంతసేపూ వాడి మాట వినబడదు.

టికెట్ చదివి కూడా ఊరుకున్నావుగా అని వదిన ఒకసారి అంది. ఆమెతోనూ మాటలు మానేశాను.

చెప్పాల్సింది చెప్పాను. ఇక ఈ సంగతి నా నోట రాదు. ఎవరూ అడగొద్దు.