వంటింటి పసుపు

గంజ్ స్టాప్ దగ్గర బస్సు ఆగగానే రామ్‌దాస్ టిఫిన్ డబ్బా పట్టుకుని దిగాడు. దిగి, అలవాటు ప్రకారం కిటికీ వైపు చూశాడు. కూతురు స్నేహలత తల బయటికి పెట్టింది.

"బాపూ, మాపటికి జల్ది రా. అవ్వ పచ్చిపులుసు చేస్తనన్నది."

"సరుకు దిగుతే ఎట్ల జల్దొస్త? సూస్త తీ."

బస్సు కదిలింది. ఆమె చదివే కాలేజీ బస్టాండు అవతల. రామ్‌దాస్ మార్కెట్ యార్డు గేటులోకి కొద్ది దూరం నడిచి, బస్సు చప్పుడు వినబడకుండా పోయాక, చెప్పులో రాయి దూరినట్టు వంగి, లేచి, బయటికి వచ్చేశాడు.

బక్కపలచటి మనిషి. బస్తాలు కాటా మీదికి నెట్టీ నెట్టీ ఎడమ భుజం ఒకింత కిందికి దిగింది. పదేళ్ల పనిలో పసుపు గోళ్లలోకి ఇంకిపోయింది. ఇప్పుడు ఆ పసుపు గోళ్ల కొసలకు జరిగింది. మొదట్లోంచి తెల్ల గోరు పెరుగుతోంది. అది కనబడకుండా ఇంట్లో పిడికిలి ముడుచుకుని కూర్చోవడం నేర్చుకున్నాడు.

బాలనర్సయ్య సేట్ అడ్తి దుకాణంలో, రైతుల పసుపు అమ్మిపెట్టే చోట, అతను తూకం మనిషి. సేట్ చలికాలంలో పోయాడు. కొడుకు దుకాణాన్ని టైల్సు వ్యాపారికి కిరాయికిచ్చి, రామ్‌దాస్ చేతిలో ఇంత పైకం పెట్టి, "ఏమనుకోకు కాకా" అన్నాడు. ఆ పైకాన్నే రామ్‌దాస్ నెలనెలా జీతం అని చెప్పి ఇంట్లో ఇస్తున్నాడు.

దాచడానికి అతని లెక్క అతనికుంది. వెనకట బోధన్ దిక్కు చెరుకు బండ్లు తూచేవాడు. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డ రోజే ఇంటికొచ్చి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. వారం తిరక్కుండా పెద్దోడు నితీష్ ఇంటర్ పుస్తకాలు అటకెక్కించి లారీ క్లీనరుగా పోయాడు. ఇప్పుడు నాందేడ్ రోడ్డు మీద లారీ నడుపుతాడు. ఏడాదికి రెండుసార్లు వచ్చి, నిద్రపోయి, వెళ్లిపోతాడు. నిజం చెబితే ఎంత ఖరీదు కట్టాలో రామ్‌దాస్ అప్పుడు చూశాడు. స్నేహకు ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు ఇంకొక్క పరీక్షతో అయిపోతుంది. అందాకా ఈ అబద్ధం నడిస్తే చాలు, ఆ తర్వాత ఎవరేమన్నా పడతాననుకున్నాడు.

మొదట్లో యార్డులోకే పోయి, బస్తాలకు ఆనుకుని నాలుగు మాటలు మాట్లాడి వచ్చేవాడు. అంగీకి పసుపు దుమ్ము అంటితే ఇంట్లో పనికి పోయినట్టే లెక్క. ఒకరోజు హమాలీ హన్మండ్లు కనిపెట్టాడు.

"ఏందన్నా, బర్రె గోడకు రాక్కున్నట్టు గోనెలకు రాక్కుంటున్నవ్? దురదనా?"

చుట్టూ ఉన్నవాళ్లు పడీపడీ నవ్వారు. రామ్‌దాస్ కూడా నవ్వాడు. మర్నాటి నుంచి గేటు దాటినా బస్తాల దాకా పోలేదు. పసుపు ప్యాకెట్ కొనుక్కుని, సాయంత్రం బస్సెక్కే ముందు స్టేషన్ కుళాయి చాటున నిలబడి రొమ్ము మీదా చేతుల మీదా అద్దుకోవడం మొదలుపెట్టాడు. ఒక సంచిలో ఇంకో సరుకు కట్టి అమ్మితే కొనేవాడికి తెలియదనుకోవడం బేరంలో అన్నిటికంటే పాత పొరపాటు. ఆ పొరపాటు చేసినవాళ్లను అతను కాటా పక్కన నిలబడి ఎంతమందిని చూశాడో.

ఆ రోజూ పొద్దున్నంతా రైల్వేస్టేషన్ సిమెంటు బెంచీ మీద గడిచింది. రైలు వచ్చినప్పుడు లేచి నిలబడ్డాడు, ఎవరికోసమో ఎదురుచూస్తున్నవాడిలా. పోయాక కూర్చున్నాడు. డబ్బాలో వంకాయ కూర. ముఖం గోడకు తిప్పుకుని తిన్నాడు.

మధ్యాహ్నం జేబు తడుముకుంటే ప్యాకెట్ ఖాళీ. బజారుకు పోక తప్పలేదు. కిరాణా కొట్టు ముందు నిలబడి పసుపు అడుగుతుండగా పక్క బట్టల దుకాణంలోంచి తెలిసిన గొంతు వినబడింది.

"బఘా ఆజీ, రంగ్ జాత్ నాహీ."

మహారాష్ట్ర నుంచి వచ్చిన ముసలామెకు, రంగు పోదని చెబుతూ చీర పరుస్తున్న పిల్ల. ఒంటి మీద దుకాణం వాళ్లిచ్చే నేరేడు రంగు చుడీదార్. ఆ పిల్ల స్నేహ.

కాలేజీకి సెలవేమోనని అతను ఒక్క క్షణం ఆశపడ్డాడు. అంతలో లోపల చీరలు సర్దుతున్న పెద్దామె తారాబాయి కసిరింది.

"నెల దాటె నువ్వొచ్చి, ఇంకా మడత రాదానే? ఈ తారాబాయే అన్నీ సర్దుతదనుకున్నవా?"

"ఏస్తున్నక్కా, ఏస్తున్న."

రామ్‌దాస్ చటుక్కున వీపు తిప్పి ఎల్లిగడ్డల బుట్టలోకి చూస్తూ నిలబడ్డాడు. కొట్టువాడు రెండుసార్లు పిలిచాక ప్యాకెట్ అందుకున్నాడు. సాయంత్రం కుళాయి చాటున, రోజులాగే, అద్దుకున్నాడు.

నవీపేటలో ఇంటికి చేరేసరికి స్నేహ ఇంకా రాలేదు. ప్రాక్టికల్స్ అని ఈమధ్య ఆలస్యంగా వస్తోంది. భార్య రేణుకమ్మ అంగీ విప్పించుకుని బండ మీద వేసింది. ఆమె కమ్మర్‌పల్లి దిక్కు పసుపు పండించే ఇంటి బిడ్డ. సబ్బు రుద్దగానే అంగీ రొమ్ము మీద పసుపు ఎర్రగా తేలింది. ఆమె తలెత్తకుండానే అంది.

"రేపటి సంది గీ పసుపు పారబొయ్యకు. కూరలకన్న పనికొస్తది."

రామ్‌దాస్ గడప మీద కూర్చుండిపోయాడు.

"ఎప్పటి సంది ఎర్కే?"

"గంజ్‌ల కొమ్ముల దుమ్ము మెడ ఎన్క, బుజం మీద వడ్తది. నీకేమో ముంగటనే వడ్తున్నది. గోనె పీసు ఒక్కటి లేదు. పుట్టినకాన్నుంచి సూస్తున్న పసుపు, నాకు తెల్వదా?"

"మరి అడుగలేదు?"

"అడుగుతే ఏం జెప్తువు?"

అతను పిడికిలి విప్పి గోళ్లు చూసుకున్నాడు. "పిల్లకు జెప్పినవా?" అన్నాడు.

"నేనెందుకు జెప్త! నాకు జరమొచ్చినప్పుడు నీ అంగీ పిండింది అదే. పిండి, దండెం మీదేసి, ఏమనకుంట లోపటికి పోయింది." ఆమె బకెట్‌లో నీళ్లు పారబోసింది. "దాని సదువన్న దాన్ని సదువుకోనీ."

అంటే ఆమెకు సగమే తెలుసు. మిగతా సగం, బట్టల దుకాణం సంగతి, రామ్‌దాస్ తన దగ్గరే ఉంచుకున్నాడు. ఇంట్లో మనుషులు ముగ్గురు. దాపరికం లేని జత ఒక్కటి లేదు.

పొద్దుగూకినాక స్నేహ వచ్చింది. కంచాల ముందు కూర్చుని, "ఇయాల మైక్రోస్కోప్ల రక్తం సూపెట్టిండ్రు బాపూ" అంది.

"ఎట్లుంటది?"

"ఎర్రగుండదు. సుక్కలు సుక్కలుంటది, అంతే."

"మంచిగ సూడు బిడ్డా," అన్నాడు. పచ్చిపులుసు ఇంకొంచెం పోసుకున్నాడు.

మర్నాడు బస్సులో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. గంజ్ స్టాప్ వచ్చింది. రామ్‌దాస్ లేవలేదు. కండక్టర్ "గంజ్, గంజ్" అని రెండుసార్లు అరిచి, అతని వైపు చూసి, రైట్ అన్నాడు. స్నేహ కిటికీలోంచి బయటికే చూస్తోంది.

"కాలేజికి పో బిడ్డా," అన్నాడు మెల్లగా. "నేను ఏదన్న పని సూసుకుంట. వాచ్‌మెన్ పనన్న సరే."

ఆమె ఒళ్లోని ల్యాబ్ కోటు మడత సవరించింది.

"నిన్న కిరాణా కాడ నిన్ను సూసిన బాపూ."

"ఇయ్యాల్టి సంది పో."

"హాజరు తక్కువైంది. పరీక్షకు కూసోనియ్యరట. అడిగొచ్చిన." గొంతులో ఏడుపు లేదు, ధర ఖాయమయ్యాక మనిషి మాట్లాడినట్టు ఉంది. "హైదరాబాద్‌ల మా సేట్‌కు ఇంకో దుకాణమున్నది. హాస్టల్ ఇస్తరట. ఇయాల మాపటి బండికి తారక్కతోని పోతున్న. అవ్వకు నువ్వే జెప్పు. నాతోని కాదు."

బజారు స్టాప్ దగ్గర బస్సు ఆగింది. ఆమె లేచి, తండ్రి దిగిన భుజం మీద ఒక్కసారి చెయ్యి వేసి, మనుషుల మధ్య నుంచి దిగిపోయింది. ఈసారి దిగినామె కిటికీ వైపు తిరిగి చూడలేదు, అతనూ తల బయటికి పెట్టలేదు.

బస్సు బస్టాండు వైపు కదిలింది. పక్క సీటులో, ఆమె కూర్చున్నచోట, ఇస్త్రీ మడత చెదరని తెల్ల ల్యాబ్ కోటు ఉంది. గుంతల్లో బస్సు ఎగిరినప్పుడల్లా దాని చెయ్యి ఒకటి సీటు అంచు మీంచి కొంచెం కొంచెంగా జారుతోంది.