మొదటి గంటకి ముస్తాబు, రెండో గంటకి భోజనం

సముద్రం మధ్య చెరకు దీవిలో, లెస్కాలియే అనే ఊళ్ళో, సాయంత్రం ఆరున్నర కావస్తోందంటే నర్సమ్మ పొయ్యి మీది పాలగిన్నె దించి కింద పెట్టేస్తుంది. పొరుగింట్లో పెద్దన్న మొదటి గంట కొట్టే వేళ అది. రెండో గంట ఏడింటికి. మొదటి గంటకి ముస్తాబు, రెండో గంటకి భోజనం. పెద్ద ఓడల మీద ఫస్ట్ క్లాసు దొరలకీ దొరసానులకీ అదే పద్ధతి. ఆ రెండు గంటల మధ్య ఎప్పుడో పెద్దన్న ఇల్లు మెల్లగా ఊగడం మొదలెడుతుంది. ముందు ఎడమకి, తర్వాత కుడికి, అప్పుడప్పుడు ముందుకొక తూగు తూగి మళ్ళీ లేస్తుంది. రెండిళ్ళకీ మధ్యగోడ ఒకటే కాబట్టి నర్సమ్మ వంటిల్లు కూడా దాంతోపాటే ఊగుతుంది. అందుకే పాలు దించేయడం.

ఊళ్ళో దీన్నెవరూ వింతగా చెప్పుకోరు. పెద్దన్న ఇరవై రెండేళ్ళు ఓడల్లో, భోజనాల హాల్లో, స్టువార్డుగా పనిచేసి వచ్చినవాడు. అంతకాలం నీళ్ళ మీద తిరిగినవాడు కాళ్ళకి కాస్త సముద్రం అంటించుకుని రాకుండా ఉంటాడా అనుకున్నారు, ఊరుకున్నారు. చెరకు తోటల్లోంచి ఇళ్ళకి మళ్ళేవాళ్ళు ఆ దారిన పోతూ, ఇల్లు మరీ ఎక్కువ ఊగుతుంటే, "ఇవాళ అలలు పెద్దగా ఉన్నట్టున్నాయి" అనుకుని నెత్తి మీది మూట సర్దుకుని వెళ్ళిపోతారు. కరోల్ తుఫానులో చుట్టుపక్కల ఇళ్ళ రేకులన్నీ లేచిపోయినప్పుడు కూడా ఈ ఇల్లు ఒక పక్కకి ఒరిగి, గాలి వెళ్ళిపోయాక లేచి నిలబడింది. అప్పట్నించీ ఊరికి ఆ ఇంటి మీద గౌరవం కూడా పెరిగింది.

ఓడెక్కబోయే వాళ్ళందరూ ఆ ఇంటికి వస్తారు. ఇంగ్లండుకి నర్సు చదువుకి పోయేవాళ్ళు, ఫ్రాన్సుకి పోయేవాళ్ళు, ఇండియాకి తెలుగు చదువుకోడానికి పోయేవాళ్ళు, ఎవరైనా సరే, పది పదిహేను రోజులు పెద్దన్న ముందు గదిలో పొడవాటి బల్ల దగ్గర భోంచేసి మరీ వెళ్తారు. పెద్దన్న ఇత్తడి బొత్తాల తెల్లకోటు తొడుక్కుని వాళ్ళ వెనక నిలబడి చెబుతుంటాడు. సూపు చెంచా నీ వైపు లాక్కోకు, అవతలికి తొయ్యి, ఓడ ఊగినా ఒళ్ళో పడదు. బయటి ఫోర్కుతో మొదలెట్టి లోపలికి రా. కెప్టెన్ తన బల్ల దగ్గరికి పిలిస్తే రానని అనకూడదు, ఆయన తినకుండా నువ్వు తినకూడదు, ఆయనకి ఓడ నడపడం ఎలాగో చెప్పకూడదు. రెండు పెట్టెలు పెట్టుకో, దారిలో కావలసినవి ఒకదాంట్లో, అక్కర్లేనివి ఇంకోదాంట్లో, చీటీలు తారుమారైతే నెల్లాళ్ళు ఒకే చొక్కా.

చెప్పించుకోనివాళ్ళ గతి ఏమవుతుందో బ్రిజే వెర్దియేర్ ఊరి జగన్నాథం పంతులే సాక్షి. ఆయన తెలుగు పంతులు, నలుగురికీ చెప్పేవాడు, ఇంకొకరి దగ్గర కూర్చుని చెంచా పట్టడం నేర్చుకుంటాడా? ఓడెక్కిన మొదటి రాత్రే నల్ల సూటు, మెడకి బో కట్టుకుని, పెళ్ళికి వెళ్ళినట్టు భోజనానికి దిగాడు. మొదటి రాత్రి ఎవరూ ముస్తాబు కారని ఆయనకేం తెలుసు? అందరూ ప్రయాణపు బట్టల్లోనే ఉన్నారు. మూల బల్ల దగ్గర ఓ దొరసాని ఆయన్ని చూసి ఉప్పు తెమ్మంది. పాపం, మర్యాదస్తుడు, తెచ్చి ఇచ్చాడు. తర్వాత ఇంకో బల్లవాళ్ళు మంచినీళ్ళు అడిగారు.

పెద్దన్న చెప్పడం మాత్రమే. చేసి చూపించేది ఆయన కూతురు అమ్మాయమ్మ. ముప్ఫై ఒకటి వచ్చినా పేరు పుణ్యాన ఊరందరికీ ఇంకా అమ్మాయే. ఒక పూట కెప్టెన్ భార్యగా కూర్చుంటుంది, ఒక పూట వడ్డించే స్టువార్డు అవుతుంది. ఇల్లు ఎంత ఊగినా సూపు గిన్నె చేతిలో ఒక్క చుక్క ఒలకదు. అలలు పెద్దవైన రోజున బల్లగుడ్డ మీద నీళ్ళు చిలకరిస్తుంది, కంచాలు జారకుండా. పద్నాలుగేళ్ళుగా ఎందరినో ఓడెక్కించింది. పోర్ట్ లూయీ రేవుదాకా వాళ్ళతో బస్సులో వెళ్ళి, లాంచీ ఓడ దగ్గరికి చేరేదాకా నిలబడి చూసి, మళ్ళీ బస్సెక్కి వచ్చేది. తను మాత్రం లాంచీ కూడా ఎక్కలేదు.

ఆమెకి వెళ్ళాలని ఉంది. ఎక్కడికని అడిగితే చెప్పలేదు, కానీ ఉంది, ఆకలి ఉన్నట్టే ఉంది. ఒక చోట కూర్చోలేదు. ఊడ్చిన గది మళ్ళీ ఊడ్చేది. మడిచిన బల్లగుడ్డ విప్పి మళ్ళీ మడిచేది. చెరకు పూతకి వచ్చినప్పుడు గుమ్మంలో నిలబడి ఆ తెల్లటి కంకుల మీద గాలి పోయే వైపే చూస్తూ అన్నం మాడబెట్టేది. వచ్చిన రెండు సంబంధాలూ, "వాళ్ళూ ఈ చెరకులోనే కదా" అని వద్దంది. కానీ తల్లి పోయింది, తండ్రికి మోకాలు సరిగా లేదు. ఐదేళ్ళ కింద ఓ సాయంత్రం ఇల్లు ఒక్కసారిగా తూగినప్పుడు పడి విరగ్గొట్టుకున్నాడు. అప్పట్నించీ ఆయన మాట ఒకటే.

"నువ్వు లేకపోతే ఈ ఊపులో నన్నెవరు పట్టుకుంటారమ్మా?"

ఆమె వెళ్ళి ఆయన మోకాలికి నూనె వేడిచేసేది.

ఎన్నికలు అయిపోయి, స్వాతంత్ర్యం వచ్చేస్తోందని ఊరంతా అనుకుంటున్న అక్టోబరు నెలలో, ఓ మంగళవారం రోజర్ వచ్చాడు. రోజర్ పెద్దన్నతో కలిసి పనిచేసిన క్రియోల్ మనిషి, ఇప్పుడు పెద్ద స్టువార్డు. వాళ్ళ ఓడ పోర్ట్ లూయీకి వచ్చినప్పుడల్లా పాత స్నేహితుణ్ణి చూసిపోతాడు.

"మామ్‌జెల్ అమ్మాయా, ఆడవాళ్ళ క్యాబిన్లు చూసే స్టువార్డెస్ దిగిపోయింది," అన్నాడు కాఫీ తాగుతూ. "శనివారం ఓడ కదులుతుంది. నిన్ను తీసుకోమని చెప్పి వచ్చాను. రెండుసార్లు అడిగాను, రెండుసార్లూ లేదన్నావు. ఇది మూడోసారి. ఈ తిరుగుడు అయ్యాక నేను పని మానేసి ఇంటికి పోతున్నాను. తర్వాత వచ్చేవాడికి లెస్కాలియే ఎక్కడుందో కూడా తెలీదు."

అమ్మాయమ్మ తండ్రి వైపు చూసింది. పెద్దన్న మోకాలు రాసుకుంటూ కప్పులోకి చూస్తున్నాడు.

"గురువారంలోగా చెబుతాను," అంది ఆమె.

ఆ సాయంత్రం ఇల్లు ఎంత ఊగిందంటే గోడ మీది దేవుళ్ళ పటాలన్నీ ఒక పక్కకి వాలి నిలబడ్డాయి. "ఓడ రేవులో ఉందిగా, ఇల్లు వాసన పట్టింది," అన్నాడు పెద్దన్న, గోడ పట్టుకుని నడుస్తూ. బుధవారం ఇంకా ఎక్కువ. పాఠానికి వస్తున్న పిల్ల రుక్మిణి, బాన్ అక్యూయ్ నుంచి వచ్చి మేనత్త ఇంట్లో ఉంటున్న, నర్సు చదువుకి పోబోయే పిల్ల, చేప ముక్క ముందు కూర్చుని పచ్చబడిపోయింది. అమ్మాయమ్మ దానికి అల్లం ముక్క నోట్లో పెట్టి, "దూరంగా ఒకటే చోటు చూడు, కంచంలోకి చూడకు," అని చెప్పింది. తనకి మాత్రం ఏ ఊపూ లేదు. ఎటు చూసినా శనివారమే కనిపిస్తోంది.

గురువారం పొద్దున నర్సమ్మ ఖాళీ గిన్నె పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"ఆయో, పాలన్నీ పోయాయే అమ్మాయీ! నిన్న గంట కొట్టకముందే మొదలైంది ఊపు. దించేలోపలే పొయ్యిలో పడ్డాయి. ఓ గ్లాసు ఉంటే పొయ్యవే."

"ఏం చెయ్యను నర్సమ్మత్తా, మా నాన కాళ్ళు అలాంటివి," అంది అమ్మాయమ్మ, పాలు పోస్తూ.

"ఏం కాళ్ళో! మొన్న నువ్వు బాన్ అక్యూయ్ పెళ్ళికి పోయిన నాలుగు రోజులూ ఎంత హాయిగా ఉందీ! గంట కొడితే కొట్టాడు, నా పొయ్యి మీద పాలు కదిలితే ఒట్టు. నాలుగు రోజులూ మీగడ తీశాను."

నర్సమ్మ పాలు తీసుకుని వెళ్ళిపోయింది. అమ్మాయమ్మ అక్కడే నిలబడిపోయింది. ఆ పెళ్ళి నుంచి తిరిగొచ్చిన రోజు తండ్రి ఏమన్నాడో ఆమెకి బాగా గుర్తుంది. "నువ్వు లేని నాలుగు రోజులూ ఒకటే ఊపమ్మా. మంచం కోడు పట్టుకుని పడుకున్నాను," అన్నాడు. ఆ మాటకి ఆమె ఏడ్చింది కూడా. ఇంకెక్కడికీ పోనని చెప్పింది.

ఇల్లు పగటిపూట ఎప్పుడూ కదలదు. ఆ పొద్దున కదిలింది. పెరట్లో ఉన్న పెద్దన్న గోడకి చేయి ఆనించి నిలబడి, లోపలికి రాకుండా అక్కడే ఉండిపోయాడు.

సాయంత్రం అయింది. అమ్మాయమ్మ బల్ల పరిచింది, ఫోర్కులు తుడిచింది, తుడిచినవి మళ్ళీ తుడిచింది. మొదటి గంట పడింది. రుక్మిణి వచ్చి తన కుర్చీలో కూర్చుంది. రెండో గంట పడింది. పెద్దన్న గదిలోంచి వచ్చాడు. తెల్లకోటు లేదు. చెరకు తోటకి పోయేవాళ్ళు వేసుకునే మామూలు చొక్కా, అదీ మోచేతి దగ్గర చిరిగింది. పద్నాలుగేళ్ళలో ఆ బల్ల దగ్గర ఆయన్ని అలా ఎవరూ చూడలేదు.

"కోటు ఏదీ మామా?" అంది రుక్మిణి. "ఉతికేశారా?"

"కాదమ్మా. ఇది నీకు ఇంకా చెప్పలేదు. ఓడ మీద ఆఖరి రాత్రి కూడా ఎవరూ ముస్తాబు కారు. మంచి బట్టలన్నీ అప్పటికే పెట్టెల్లో సర్దేసి ఉంటాయి. తెల్లారితే దిగిపోవాలి కదా. కెప్టెన్ అయినా సరే, ఆఖరి రాత్రి మామూలు బట్టల్లోనే తింటాడు."

"నాకింకా వారం పాఠాలు ఉన్నాయి కదా?"

 పెద్దన్న కూతురి వైపు చూస్తున్నాడు. అమ్మాయమ్మ సూపు గిన్నె పట్టుకుని నిలబడింది. ఇల్లు ఎడమకి ఒరిగి, అక్కడే ఆగింది.

"నర్సమ్మ మాటలు పెరట్లోకి వినపడ్డాయి," అన్నాడాయన. "ఆ నాలుగు రోజులూ ఇల్లు కదల్లేదమ్మా. గంట మీద గంట కొట్టాను, కదల్లేదు. ఇది నా కాళ్ళలోది కాదని ఆ రోజే తెలిసింది నాకు. నువ్వే. పోవాలనుకుని పోలేక నువ్వు కొట్టుకుంటుంటే ఇల్లు కొట్టుకుంటోంది."

"తెలిసి అబద్ధం చెప్పావా?"

"చెప్పాను."

"ఎందుకు నానా?"

"ఇల్లు కదలకపోతే నాకు నిద్ర పట్టలేదు. నువ్వు లేక ఇంట్లో అన్నం సయించలేదు. రెండూ ఒకేసారి పోతాయని భయమేసింది. అంతే. ఇంకో కారణం చెబితే అదీ అబద్ధమే."

అమ్మాయమ్మకి కోపం వచ్చింది. ఆ గిన్నె ఆయన మీద కుమ్మరించాలన్నంత కోపం. నా పద్నాలుగేళ్ళు, నా పద్నాలుగేళ్ళు అని లోపల ఒకటే మాట తిరిగింది. ఇల్లు దబ్బున కుడికి పడింది. గ్లాసులు దొర్లాయి, రుక్మిణి కేకేసి బల్ల కోడు కౌగిలించుకుంది. పెద్దన్న కాలు జారింది. అమ్మాయమ్మ గిన్నె వదిలేసి వెళ్ళి ఆయన్ని రెండు చేతులా పట్టుకుంది. నేల మీద సూపు పారుతుంటే ఇద్దరూ అలాగే నిలబడ్డారు. ఆయన ఏడుస్తున్నాడు. ఆమె కూడా ఏడుస్తోంది, కానీ కోపం పోయి కాదు, ఉండగానే.

"పడిపోతావు," అంది.

"నువ్వు పోతే పడను. అదేగా చెబుతున్నాను," అన్నాడాయన. "అలే, మో ఫీ, వెళ్ళు తల్లీ. రోజర్‌కి కబురు పంపించు. పెట్టె నేను సర్దుతాను, చీటీలు నువ్వు తారుమారు చేస్తావు."

శనివారం రేవులో ఆమె లాంచీలోకి దిగింది. "పోయొస్తా నానా," అంది. ఆయన తల ఊపాడు. ఆ సాయంత్రం లెస్కాలియేలో గంటలు రెండూ మోగాయి. నర్సమ్మ అలవాటు కొద్దీ పాలు దించి పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. ఏమీ కదల్లేదు.

ఓడ మళ్ళీ పోర్ట్ లూయీకి వచ్చేసరికి మార్చి నెల అయింది. ఆ రోజే మధ్యాహ్నం కొత్త జెండా ఎగిరింది. ఊళ్ళకి పోయే బస్సులన్నీ నాలుగు రంగుల కాగితాలు కట్టుకుని హారన్లు కొట్టుకుంటూ తిరుగుతున్నాయి. అమ్మాయమ్మకి ఒక్క పూట సెలవు దొరికింది. ఐదు నెలల్లో ఆమె కాస్త లావయింది. బస్సులో రెండు గంటలు చేతులు ఒళ్ళో పెట్టుకుని కుదురుగా కూర్చుంది. అలా కూర్చోగలనని ఆమెకే తెలియదు.

పెద్దన్న ఏడింటికి గంట కొట్టి, కూతుర్ని కూర్చోబెట్టి, తనే వడ్డించాడు. తను కూర్చోలేదు. ఒక చేత్తో బల్ల అంచు పట్టుకుని, గ్లాసులో నీళ్ళ వైపే చూస్తూ నిలబడ్డాడు. ఆమె రెండు ముద్దలు తిన్నాక చూసింది. ఆయన పెదవులు కదులుతున్నాయి, వేళ్ళు తెల్లబడేంత గట్టిగా బల్ల పట్టుకుని ఉన్నాడు. ఈయన ఇల్లు ఊగడం కోసం ఎదురుచూస్తున్నాడని ఆమెకి అర్థమైంది. ఐదు నెలలుగా కదలని ఇంట్లో నిద్రపట్టక, తను వచ్చే రోజు కోసం లెక్కపెట్టుకుంటూ ఉన్నాడు కాబోలు. జాలేసింది, తప్పు చేసినట్టు కూడా అనిపించింది.

నీళ్ళు కదల్లేదు. నర్సమ్మ పొయ్యి మీద పాలు పొంగి చుయ్యిమన్న చప్పుడు గోడ అవతల్నించి వినిపించింది.

"నానా," అంది మెల్లగా. "ఇంక ఊగదు నానా. నేనేం చెయ్యను?"

పెద్దన్న బల్ల వదిలేశాడు. కుర్చీ లాక్కుని, మోకాలు పట్టుకుంటూ ఆమె ఎదురుగా కూలబడ్డాడు.

"అమ్మయ్య," అన్నాడు. "పొద్దున్నించీ సింహాద్రప్పన్నకి మొక్కుతూనే ఉన్నాను, నువ్వు వచ్చాక కదలకూడదని. కదిలితే నువ్వక్కడ బాగాలేవనే కదా." కంచం తన ముందుకి లాక్కున్నాడు. "నాకూ పెట్టమ్మా. రెండు రోజుల్నించీ అన్నం దిగట్లేదు."