తాళం వేసిన గదిలో స్విచ్

స్టీలు గిన్నెలకు మెరుగుపెట్టే ఆ షెడ్డులో పట్టపగలు, అందరి కళ్లెదుటే, చిన్నకోడలి చెయ్యి చక్రంలోకి పోయింది. ముందు చేతితొడుగు పోగు చుట్టుకుంది. తర్వాత వేళ్లు, ఆ తర్వాత మణికట్టు. పెద్ద గిన్నెలకు అడ్డమని చక్రం మీది రేకు మూతను కాంట్రాక్టరే ఊడదీయించాడు. పనివాళ్లు మాటిమాటికీ మోటార్లు ఆపుతున్నారని స్విచ్‌ను తన గదిలో పెట్టించి తాళం వేసుకున్నాడు. పక్క చక్రం దగ్గరున్న ఆమె తోడికోడలు, అదే ఇంటి పెద్దకోడలు, ఆ తలుపును భుజంతో గుద్ది గుద్ది పగలగొట్టి మోటారు ఆపేసరికి చెయ్యి తెగిపోయింది.

మర్నాటికి చక్రం కడిగేశారు. తలుపుకి కొత్త తాళం పడింది.

"ఒళ్లు దగ్గర పెట్టుకుని పని చెయ్యాలి," అన్నాడు కాంట్రాక్టరు. "ఇవాళ్టి నుంచి ఆ చక్రం నీది."

పెద్దకోడలు వెళ్లి దాని ముందు నిలబడింది. ఇంట్లో తన పిల్లలతో పాటు ఇప్పుడు ఆసుపత్రిలో ఉన్న తోడికోడలి పిల్లలూ ఆమె చేతుల మీదే ఉన్నారు. వెనక షట్టరుకి బయట తాళం. ముక్కుకి కట్టుకున్న గుడ్డ గంటలోనే నల్లబడింది.

తిండివేళ అందరూ గోడవార చేరారు.

"నోరు మూసుకుని చేసుకుపోదాం," అన్నాడు ముసలి మేస్త్రి. "మన చోటికి బయట పదిమంది కాచుకునున్నారు."

"వాళ్లకి మాత్రం తెగిన చెయ్యి మళ్లీ మొలుస్తుందా బాబాయ్?" అంది పెద్దకోడలు.

దగ్గుతూ ఒకామె అడిగింది, "అయితే ఏం చేద్దామంటావ్? పారిపోదామన్నా దారి లేదు."

"పారిపోవద్దు. మూతలు బిగించాలి. ప్రతి మోటారు పక్కనా స్విచ్ ఉండాలి. దుమ్ము లాగే గొట్టాలు పెట్టాలి. తిరిగే చక్రం దగ్గర చేతితొడుగులు వేసుకోమనకూడదు. అందాకా ఎవరమూ గిన్నె ముట్టుకోవద్దు."

మేస్త్రి తల అడ్డంగా ఊపాడు.

మోటార్లు మొదలయ్యాయి. చక్రాలు ఊరికే తిరిగాయి. కాంట్రాక్టరు అరిచాడు, తిట్టాడు, చివరికి మోటార్లతో పాటు ఫ్యాన్లు కూడా ఆపేసి షట్టరు దించి పోయాడు. రేకుల కింద గాలి ఉడికిపోయింది. కడవలో నీళ్లు అయిపోయాయి. మేస్త్రి ఒక గిన్నె తీసుకుని, కాసేపు పట్టుకుని, కింద పెట్టేశాడు.

సాయంత్రం షట్టరు లేచింది. పోలీసులు వచ్చి పెద్దకోడలిని జీపు ఎక్కించారు.

"రెచ్చగొట్టింది పోయింది," అన్నాడు కాంట్రాక్టరు. "ఇక లేవండి."

ఇరవై ఏళ్లుగా అతన్ని అయ్యా అని తప్ప పిలవని మేస్త్రి చక్రం ముందు నేల మీద చతికిలబడ్డాడు.

"ముందు మూత పట్రా," అన్నాడు.

ఒక్కొక్కరే వచ్చి అతని చుట్టూ కూర్చున్నారు. షట్టరు మళ్లీ దిగింది. ఎవరూ లేవలేదు.