రెండు సేర్ల పచ్చజొన్న

మూడోసారి సూట్‌కేసు తూచేసరికి సృజనకు నడుము విరిగినంత పనైంది. ఇరవై మూడు కిలోలు దాటకూడదు. ముల్లు ఇరవై అయిదు దగ్గరే ఆగుతోంది. స్వెట్టరు తీసింది, పుస్తకం తీసింది, మళ్లీ స్వెట్టరు పెట్టింది. ఎల్లుండే పీహెచ్‌డీ కోసం నెదర్లాండ్స్‌కు ప్రయాణం. వ్యవసాయ ఎమ్మెస్సీ పూర్తయి మూడు నెలలైనా, సంతకాల కోసం, ముద్రల కోసం తిరగడంతోనే రోజులన్నీ గడిచాయి. పట్టా చేతికొచ్చిన సంతోషం ఏదో బస్టాండులో మరిచిపోయి వచ్చినట్టుంది.

కరీంనగర్‌లోని అద్దెగది ఖాళీ చేయించడానికి ఊరి నుంచి చిన్నవ్వ లింగవ్వ వచ్చింది. బకెట్లు, మంచం, పరుపు ఎవరికి ఏవి ఇవ్వాలో అన్నీ ఆమే తేల్చేసింది.

సృజనకు ఇంకొక్క పని మిగిలింది. మూడేళ్ల కింద పరిశోధన కోసం జన్నారం అవతల మల్లక్క అనే రైతు దగ్గర సేరు పచ్చజొన్న విత్తనం తెచ్చుకుంది. అటువైపు గింజ తీసుకున్నవాళ్లు పంటయ్యాక రెండింతలు తిరిగివ్వాలి. కాగితముండదు, మాటే. కాలేజీ మడిలో పండించి, రెండు సేర్లు ఎండబెట్టి గుడ్డసంచిలో కట్టి పెట్టింది. పోయి ఇచ్చి రావడానికే తీరలేదు. పోయిన నెల మల్లక్కే ఫోన్ చేసింది. "మావోళ్లందరు పత్తి పెట్టిన్రు బిడ్డా. నా ఇంట్ల ఉన్న గింజ పుచ్చిపోయింది. ఇగ నీ కాడున్నదే. మిరుగం లోపల తెచ్చియ్యి." మృగశిర కార్తె వస్తే విత్తే అదను.

తలుపు వెనక చూసింది. సంచి లేదు.

"చిన్నవ్వా, ఈడ జొన్నల సంచి ఉండాలె, ఏది?"

"పొద్దుగాల్నే గిర్నికి గొంచవోయి పట్టించిన. మంచిగ మెత్తగ పట్టిండు. ఆడ నీకు జొన్నపిండి దొరుకుతదా? రెండు కవర్లు జేసి సూట్‌కేసు అడుగుకు పెట్టిన."

ఆ రెండు కిలోలు ఎక్కడివో సృజనకు అప్పుడర్థమైంది. నేల మీదే కూర్చుండిపోయింది.

"అవి విత్తనాలు చిన్నవ్వా."

"మరి సంచి మీద రాయరాదు?"

"రాసిన."

"గా ఇంగ్లీషు నంబర్లు రాస్తె నాకేం తెల్సు? జొన్న జొన్న లెక్కనే ఉన్నది." లింగవ్వ గొంతు తగ్గించింది. "గిర్నిల ఏమన్న మిగిలినయేమో అడిగొస్త."

"గిర్నిల ఏం మిగుల్తయి."

సృజన సూట్‌కేసు మళ్లీ విప్పింది. పిండి కవర్లు తీసింది. స్వెట్టరు మడతలో దాచిన జొన్నకంకి కూడా తీసింది. పరీక్షకు చూపించడానికి అట్టకు కట్టిన కంకి అది. విమానంలో తీసుకుపోకూడదని ఆమెకు బాగా తెలుసు. అక్కడ గోడకు తగిలించుకోవాలని ఆశ.

"ఎల్లుండి పైనం పెట్టుకొని గిప్పుడు ఊర్లు తిరుగుతవా?" అంది లింగవ్వ.

సృజన చెప్పులేసుకుంది.

మల్లక్క ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. బస్సులో కూర్చున్నంతసేపూ ఏం చెప్పాలో మాటలు కూర్చుకుంది గానీ, తీరా చెప్పింది రెండు ముక్కలే. కవర్లు ముందు పెట్టింది.

మల్లక్క ఒకటి విప్పి వాసన చూసింది.

"గింజ గొంచవోయి పిండి తెచ్చినవ్. పెద్ద సదువే సదివినవ్ బిడ్డా."

సృజనకు నవ్వు రాలేదు. కంకి తీసి ఇచ్చింది. "ఇదొక్కటే మిగిలింది పెద్దవ్వా. మొన్నటి పంటదే."

మల్లక్క ఒక గింజ ఊడదీసి పంటికింద పెట్టింది. కటుక్కుమంది. ఇంకోటి గోటితో గీరి, వాకిట్లోకి పోయి వెలుతురులో చూసి వచ్చింది.

"మొలుస్తది," అంది మల్లక్క. "మిరుగానికి ఇంటెనుక రెండు సాళ్లు పెడ్త. సేను నిండాలంటె ఇంకో యేడు. నువ్వు మళ్ల ఎప్పుడొస్తవ్?"

"నాలుగేండ్లు పడ్తదేమో."

"అయితె వచ్చి మళ్ల సేరు అడుగుతవ్. ఇయ్యను పో."

అంటూనే అట్ట పీకేసి, కంకిని పొయ్యి మీది దూలానికి, పురుగు పట్టకుండా పొగ తగిలేచోట కట్టింది. దూలానికి ఇంకా నాలుగైదు తాళ్లు వేలాడుతున్నాయి, అన్నీ ఖాళీవే. తర్వాత ఎసరు పెట్టి, కవర్లోని పిండి పళ్లెంలో ఒంపుకుంది.

"కూసో. తెచ్చిన పిండి ఊకె పోనియ్యద్దు."

నాలుగు గంటల బస్సుకు ఇంకా సమయముంది. మొదటి రొట్టె కాలేలోపే సృజన గోడకు ఒరిగి నిద్రపోయింది. మల్లక్క లేపుదామని చెయ్యి చాపి, ఆమె మొహం చూసి, రెండో రొట్టెకు పిండిముద్ద తీసుకుంది.