అడుగుకి అంగుళం

అట్టగోడ మీద వెలుగు... పలచగా, పచ్చగా, అప్పుడే పొద్దెక్కినట్టు.

పొద్దు కాదు. బల్లదీపం. దాని ముందు పలచటి కాగితం కట్టింది నా కూతురు.

ఆమె పని ఇది. అట్టతో గదులు కడుతుంది. మనుషుల్లేని గదులు. ఫొటో తీస్తుంది. ఫొటోలో నిజం గదే అనిపిస్తుంది. తీశాక విప్పేస్తుంది.

ఈసారి కట్టింది మా వంటగది.

అడుగుకి అంగుళం చొప్పున. పొయ్యి వెనక మసి — పెన్సిల్ పొడి. కాగితం చుట్టి చేసిన డబ్బాలు, గోరంతవి. గోడకి అర. అర కింద ముక్కాలిపీట.

"తప్పులుంటే చెప్పు నాన్నా. నువ్వు సరే అంటేనే తీస్తా" అంది.

నేను వడ్రంగిని. టేపు తీశాను. తలుపు సరిగ్గా ఉంది. గట్టు సరిగ్గా ఉంది.

"అర మరీ పైకి పెట్టావు."

"ఆరున్నర అడుగులు. ఇంటికెళ్లి కొలిచొచ్చా. కొట్టింది నువ్వేగా."

టేపు చుట్టేశాను.

ఎవరింట్లో అర కొట్టినా, ముందు ఆ ఇంటి ఆడమనిషిని చెయ్యెత్తమంటాను. వేళ్లు అందిన చోట గీత పెడతాను. నలభై ఏళ్లుగా అదే పద్ధతి.

మా ఇంట్లో నా చెయ్యే ఎత్తాను.

నా భార్య నా భుజం దాకా కూడా రాదు. "మీరు కొట్టిన అర కాకులకి అందుతుంది, నాకందదు" అనేది. నవ్వుతూనే అనేది. పీట చేసి ఇచ్చాను. పెద్ద ఉపకారం చేసినట్టు.

ఇరవై ఆరేళ్లు ఎక్కింది. దిగింది. ఎక్కింది... ఒకరోజు పడింది. తుంటి విరిగింది. మంచం మీంచి మళ్లీ లేవలేదు.

చూసుకోకుండా ఎక్కింది — వచ్చిన ప్రతివాడికీ ఇదే చెప్పాను. ఆమె మంచం పక్కనే నిలబడి చెప్పాను.

ఆమె వింటూనే ఉంది.

కూతురు టీ తేవడానికి కిందికెళ్లింది.

కత్తి బల్ల మీదే ఉంది. అర ఊడదీశాను. అంగుళం కిందికి అతికించాను. పీట తీసి జేబులో వేసుకున్నాను. పని శుభ్రంగా వచ్చింది. దొంగపనే అయినా.

కూతురు టీతో వచ్చింది. కెమెరాకి కన్ను ఆనించింది.

"ఇదెవరిల్లు నాన్నా?"

జేబు మీద చెయ్యి పెట్టుకున్నాను.

"మంచి ఇల్లే. మనది కాదు."

అరిచినా బాగుండేది. జిగురు సీసా నా ముందుకి జరిపింది, అంతే.

జేబులోంచి పీట తీశాను. అగ్గిపుల్లల కాళ్లు. ఒకటి విరిగింది. అతికించాను. అరని మళ్లీ ఆరున్నరకి ఎక్కించాను.

"ఇప్పుడు చూసి చెప్పు. కెమెరా అమ్మ కంటి ఎత్తుకి పెట్టా" అంది.

మోకాళ్లు వంచాను. చాలలేదు. ఇంకా వంచాను.

అక్కడి నుంచి అర కనిపించదు. దాని కిందివైపే కనిపిస్తుంది.

గరుకు. పీచు పీచుగా... అట్టని గీరి గీరి చేసింది నా కూతురు. ఇందాక రెండుసార్లు చేతిలో పట్టుకున్నాను. చూడలేదు.

ఇంట్లో అసలు అరకి పైవైపే చిత్రిక పట్టి నునుపు చేశాను. కిందివైపు ఎవరు చూస్తారులే అని వదిలేశాను.

వెలుగు అక్కడి దాకా రాదు. అయినా కనిపిస్తుంది.

"సరేనా నాన్నా?"

నేనింకా వంగే ఉన్నాను.