అన్నగారి ఈస్టర్ గుడ్డు

అమ్మ పంపిన కవరు మీద చీపురుకట్ట ఎక్కి ఎగిరే ముసలి మంత్రగత్తె బొమ్మ ఉంది. అమ్మ ఆల్ఫిల్డ్‌కి ఎనభై నాలుగేళ్ళు; ఏటా ఈస్టర్‌కి ఆ బొమ్మ తన చేత్తోనే వేస్తుంది. లోపలి చీటీ విప్పి చూసిన ఇంగ్వార్ ముఖం మాడిపోయింది.

"ఎవరి పేరొచ్చింది?" అంది భార్య గున్నెల్.

"సిక్స్‌టెన్."

"భలే! రెండేళ్ళుగా పలకరింపుల్లేని అన్నదమ్ములకి చీటీ ఎంత చక్కగా కలిసిందో! ఇది లాటరీ కాదు, మీ అమ్మ పనే."

ఆ ఇంటి పద్ధతి అది. పిల్లలకే కాదు, పెద్దవాళ్ళకీ తలో అట్ట గుడ్డు ఉంటుంది. దాని నిండా మిఠాయిలు నింపాలి. ఎవరి గుడ్డు ఎవరు నింపాలో చీటీలు తేలుస్తాయి. ఈస్టర్ ముందు శనివారం భోజనాలయ్యాక ఎవరి గుడ్డు వాళ్ళు విప్పి, రుచి చూసి, నింపిందెవరో మూడు ఊహల్లో చెప్పాలి. దొరికిపోయినవాళ్ళు ఆ రోజుకి కనిపెట్టినవాళ్ళ మాట వినాలి. వినడానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది గానీ, ఆ ఇంట్లో దీని మీద కోర్టు వాదనలంత పట్టుదలలు నడుస్తాయి.

అన్నదమ్ముల మధ్య చిచ్చు పెట్టింది ఒక చెక్క రేవు. వేనెర్న్ సరస్సు ఒడ్డున ఇద్దరికీ కలిపి ఉన్న వేసవి ఇంటి ముందుది. చలికాలం రాకముందే దాన్ని విప్పి ఒడ్డుకి లాగాలి. రెండేళ్ళ కిందటి చలికాలానికి ఎవరూ లాగలేదు. గడ్డకట్టిన నీళ్ళు దాన్ని పుల్లలు పుల్లలు చేసేశాయి. నీ వంతంటే నీ వంతనుకున్నారు. "నీకు బస్సు నడపడం తప్ప ఇంకేం చేతనవుతుంది!" అని సిక్స్‌టెన్ నోరు జారాడు. ఇరవై తొమ్మిదేళ్ళుగా బస్సే నడుపుతున్న ఇంగ్వార్‌కి ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. నిరుడు ఈస్టర్‌కి డ్యూటీ ఉందని సాకు చెప్పి వెళ్ళనే లేదు.

నిజం చెప్పాలంటే, అన్న లేకపోతే ఇంగ్వార్‌కి ఏమీ తోచదు. ఫోన్ తీసి ఆ పేరు చూసుకుని మళ్ళీ జేబులో పెట్టుకున్న రోజులు బోలెడు. కానీ ముందు తనే పలకరించడమా? ససేమిరా.

గురువారం మధ్యాహ్నం సూపర్‌మార్కెట్లో విడి మిఠాయిల డబ్బాలు పేర్చిన గోడ ముందు ఊరు ఊరంతా ఉంది. ఈస్టర్ వేషాలేసుకుని, తలకి గుడ్డలు కట్టుకుని, బుగ్గలకి ఎర్రరంగు పూసుకున్న బుల్లి మంత్రగత్తెలు మోచేతులతో పొడుచుకుంటూ గరిటెల కోసం కొట్టుకుంటున్నారు. పెద్దల చేతుల్లో రెండేసి సంచులున్నాయి. చాక్లెట్లకి ఒకటి, పుల్లటివాటికి ఒకటి. రెండూ కలిపితే పుల్లటి పంచదార చాక్లెట్‌కి అంటుకుని నోట్లో పెట్టలేం. వాళ్ళ దేశంలో పాలపళ్ళు ఊడని పిల్లకి కూడా తెలిసిన సంగతి ఇది.

ఇంగ్వార్ చెయ్యి దానంతటదే చేప ఆకారపు నల్ల బిళ్ళల డబ్బా మీదికి పోయింది. అతిమధురం, ఉప్పు కలిపి చేసిన నల్ల బిళ్ళలంటే సిక్స్‌టెన్‌కి ప్రాణం. చిన్నప్పుడు మిఠాయి తినేది శనివారాలే. అన్నదమ్ములిద్దరూ తమ పొట్లాలు మంచం మీద కుమ్మరించి పంచుకునేవారు. నల్లవన్నీ అన్నవి, ఎర్రవన్నీ తమ్ముడివి.

గరిటె నిండా చేపలు తోడి, సంచి దాకా తెచ్చి ఆగిపోయాడు. ఇవి చూస్తే మొదటి ఊహకే దొరికిపోతాడు. 'చూశారా, కాళ్ళబేరానికొచ్చాడు' అనుకుంటాడు అన్న. వద్దు. చేపల్ని వెనక్కి పోసేశాడు. నల్ల డబ్బా కనబడిన చోటల్లా దాటేసి, మిగిలినవి చేతికందినవి అందినట్టు ఒకే సంచిలో వేశాడు. చాక్లెట్ మీద పాముల్లాంటి పుల్లటి మిఠాయిలు, పాముల మీద మళ్ళీ చాక్లెట్.

పక్కనున్న పెద్దావిడ గుండె మీద చెయ్యేసుకుంది. "బాబూ, ఇంకో సంచి ఇదిగో తీసుకో!"

"అక్కర్లేదండీ. తెలిసే చేస్తున్నా."

ఆవిడ తన మనవరాలిని కొంచెం అవతలికి లాక్కుంది.

శనివారం అమ్మ ఇంట్లో, పండక్కి రంగు ఈకలు కట్టిన భూర్జ చెట్టు కొమ్మల పక్కన, ఊరవేసిన చేపలు, గుడ్లు, సాల్మన్ అన్నీ బల్ల మీదికొచ్చాయి. అన్నదమ్ములు చెరో కొసన కూర్చున్నారు. "రాకెల్, అటువైపువాళ్ళకి ఆవాల సాస్ కావాలేమో అడుగు" అన్నాడు సిక్స్‌టెన్ భార్యతో. "వదినా, ఇటువైపువాళ్ళకి అక్కర్లేదని చెప్పు" అన్నాడు ఇంగ్వార్.

గుడ్లు విప్పడం మొదలైంది. బాదం మిఠాయి చూడగానే తన గుడ్డు నింపింది అత్తగారేనని గున్నెల్ పట్టేసింది. తర్వాత వంతు సిక్స్‌టెన్‌ది. మూత తీశాడు, కాసేపు లోపలికే చూశాడు. ఒక చాక్లెట్ నోట్లో వేసుకుని మొహం వికారంగా పెట్టాడు.

"ఛీ ఛీ! చాక్లెట్‌కి నిమ్మ ఉప్పు అద్దిందెవరు? గున్నెల్, నువ్వా?"

"నాకింకా మతి పోలేదు బావగారూ."

"రాకెల్?"

"ముప్పై ఏళ్ళు కాపురం చేసి నీకిలా నింపుతానా?"

సిక్స్‌టెన్ గుడ్డుని బల్ల మీద బోర్లించి వేలితో కెలికాడు. "ఎవరోగానీ, నా గురించి ఓనమాలు కూడా తెలీవు. పరాయివాళ్ళు నయం."

ఇంగ్వార్ కుర్చీ వెనక్కి తోసి లేచాడు.

"నాకు తెలీదా? నాకా తెలీదు? మంచం మీద కూర్చుని నీ నల్ల బిళ్ళలు ఏరి పెట్టిందెవరు? చేపైతే ముందు తోక కొరుకుతావు. మిరియాలవి జలుబు చేస్తే తప్ప ముట్టవు. ఎవరైనా చూస్తున్నారంటే ఒక్కటే తీసుకుంటావు, చూడకపోతే గుప్పెడు మింగుతావు. నాకు తెలీదట!"

ఆల్ఫిల్డ్ కాఫీ కప్పు కింద పెట్టింది.

"నువ్వే ఒప్పేసుకుంటే ఎలారా? వాడికింకో ఊహ మిగిలుంది కదా."

"అక్కర్లేదమ్మా. మూత తియ్యగానే తెలిసింది నాకు" అన్నాడు సిక్స్‌టెన్. "ఇందులో లేని రకం లేదు. నల్లది మాత్రం ఒక్కటి లేదు. కళ్ళు మూసుకుని తోడినా ఒకటో రెండో పడతాయి. ఒక్కటి కూడా పడకుండా చూసుకున్నాడంటే, నేనేం తింటానో బాగా ఎరిగినవాడే."

"మరి ఆ రెండు ఊహలూ దేనికి వృథా చేశావ్?" అన్నాడు ఇంగ్వార్.

"నీ నోరు తెరిపిద్దామని. నువ్వు నన్ను తిట్టి రెండేళ్ళైందిరా."

ఇంగ్వార్‌కి ఏడుపొస్తుందేమోనని భయమేసి, గంభీరంగా అడిగాడు, "సరే అన్నయ్యా, దొరికిపోయాను. ఏం చెయ్యమంటావ్?"

"గిన్నెలు తోము. నేను తుడుస్తా."

వంటగదిలో ఇంగ్వార్ ఒక్కో ప్లేటూ తోమి అన్నకి అందించాడు. ఆరో ప్లేటు తుడుస్తూ సిక్స్‌టెన్ అన్నాడు, "ఎంత చెప్పినా ఆ ఏడు రేవు లాగే వంతు నీదే."

"నాదెలా అవుతుంది? అంతకుముందు ఏడు లాగింది నేనే కదా!"

"నువ్వు లాగావా? నువ్వు ఒడ్డున నిలబడి సలహాలిచ్చావ్!"

"నడుం పట్టేస్తే మరేం చెయ్యను?"

గొంతులు లేచాయి. గరిటెలు మోగాయి. అవతలి గదిలోంచి రాకెల్ కంగారు పడటం ఇంగ్వార్‌కి వినబడింది. "అత్తయ్యా, మళ్ళీ మొదలెట్టారు! వెళ్ళి ఆపనా?"

"కూర్చోవే" అంది అమ్మ. "ఆ తలుపు కొంచెం బార్లా తెరువు. నాకు సరిగ్గా వినబడటం లేదు."