సీతయ్య దొర రైఫిల్

మా బావ శ్రీరంగానికి కోంటాలో ఉప్పు, కిరోసిన్, బట్టలు అమ్మే దుకాణం ఉంది. బుర్ర కూడా ఉందనే ఇన్నాళ్లూ అనుకున్నాను. ఒక పాత రైఫిల్‌ను పరీక్షించి ధర కట్టాలి, వెంటనే రమ్మని జగదల్‌పూర్‌కు నాకు కబురు పెట్టాడు. తీరా నేను బస్సు దిగేసరికి, ముందురోజే ఆ రైఫిల్ అమ్మే సీతయ్య దొర ఇంటికి వెళ్లి తాంబూలం పుచ్చుకుని వచ్చేశాడు. పెళ్లి చేసేసి జాతకాలు చూడ్డానికి పంతుల్ని పిలిచినట్టుంది వ్యవహారం.

"సౌదా పక్కా అయింది శంకరం. నువ్వు ఊరికె ఒకసారి సూడు" అన్నాడు.

"చూసి? బాగలేదంటె ఏం జేస్తవ్ బావా?"

"తాంబూలం పుచ్చుకున్నంక ఏం జేస్తం?"

మా వర్తకుల కట్టు అది. అమ్మేవాడు ఆకూ వక్కా చేతిలో పెట్టాక కొనేవాడు వెనక్కి పోకూడదు. పోతే ఆ దుకాణం మాట మళ్లీ ఏ సంతలోనూ చెల్లదు. వెనక్కి తీసుకునే హక్కు ఇచ్చినవాడికే ఉంటుంది కానీ, తన ఉమ్మి తానే మింగినట్టు ఆ పని ఎవడూ చేయడు.

నేను పనిచేసేది మా పెదనాన్న తుపాకుల దుకాణంలో. బస్తర్ సంస్థానం ఇండియాలో విలీనమై, ఆ తరువాత జమీలు కూడా పోయాక, దొరల ఇళ్లలోని వేట తుపాకులు ఒక్కొక్కటే మా బల్ల మీదికి రావడం మొదలైంది. ఇంగ్లండు సీమలో కంపెనీ వాళ్లు ఒక్కో దొర చెయ్యి పొడవు, మెడ పొడవు కొలిపించుకుని చేసి పంపిన తుపాకులవి. వాటి నగిషీ చూసి మురిసిపోయేవాళ్లు కోకొల్లలు. పైన పటారం, లోన లొటారం అన్న సామెత పుట్టింది వాటిని చూసే అని నా అనుమానం.

బావకు వేట సరదా కాదు. నెల క్రితం భేజ్జి దారిలో పులి అతని బండి తోలే కోసను ఎత్తుకుపోయింది. కోస పెళ్లాం బుధ్రి వచ్చి దుకాణం మెట్ల మీద కూర్చుంది. ఏమీ అడగలేదు. పొద్దుగూకేదాకా కూర్చుని లేచి వెళ్లిపోయింది. అప్పటి నుంచి బావకు సరిగ్గా తిండి లేదు. పులిని కొట్టడానికి అడవి రేంజరు దగ్గర పర్మిట్ తెచ్చుకున్నాడు. తన దగ్గరున్న ఒంటి గొట్టం పక్షుల తుపాకితో పులి జోలికి పోకూడదన్న తెలివి మాత్రం అతనికి ఉంది, సంతోషం. అందుకే ఈ రైఫిల్. నిన్న ఆ పులి మళ్లీ ఒక ఆవును కొట్టింది. లచ్చు అనే మనిషి అక్కడ మంచె కడుతున్నాడు. సాయంత్రానికి బావ ఆ మంచె మీద ఉండాలి.

బయల్దేరేటప్పుడు అక్క రామసుబ్బమ్మ నన్ను వంటింట్లోకి పిలిచింది.

"తుపాకి బాగలేదని చెప్పు తమ్ముడూ. బాగున్నా సరే."

సీతయ్య దొర ఇల్లు మరైగూడ వైపు బండి దారిలో ఉంది. ఇంటి పెంకులు సగం లేవు. దొర మాత్రం ఉతికిన పంచె, ఉత్తరీయంతో వరండాలో నిటారుగా కూర్చున్నాడు. అరవై దాటి ఉంటాయి. ఎర్రగుడ్డ విప్పి రైఫిల్‌ను నా చేతుల్లో పెట్టాడు.

నిజం చెప్పాలంటే నేనూ మురిసిపోయాను. చెక్క అక్రోటు, నూనె పట్టించి పెంచిన నునుపు. మరమేకుల తలల మీద ఒక్క గీత లేదు, అంటే దారిన పోయే కంసాలి ఎవడూ విప్పి కెలకలేదు. తూటా వెనక మూసే బోల్టు మీది నంబరు, గొట్టం మీది నంబరు ఒకటే. వెనక చెక్క మెడ దగ్గర చీలిక కోసం గోటితో వెతికాను, లేదు. దొర తండ్రి పేరు బంగారు తీగతో పొదిగి ఉంది. అక్కకు ఏం చెప్పాలా అని దిగులేసింది.

బోల్టు తీసి, గొట్టాన్ని ఆకాశం వైపు పెట్టి కన్ను ఆనించాను. చీకటి.

"ఏంది దొరా ఇది? వెలుతురు వస్తలేదు."

"దసరా పూజ చేసి మూసినం. పసుపు గుడ్డకు తేనెమైనం పట్టించి లోపలికి దిగగొడ్తం. వేట నాడే తీస్తం. మా తాతల కాన్నుంచి ఉన్నదే."

నా ఒళ్లు మండింది. తాతల నాటి నాటు తుపాకికి అలా మూస్తే చీమా, చెమ్మా పోకుండా ఉంటుంది, బాగానే ఉంటుంది. ఆ అలవాటును తెచ్చి సీమ రైఫిల్‌కు అంటగట్టారు. లోపల గుడ్డ ఉండగా తూటా పేలితే?

"తీసి చూపించండి."

"తాంబూలం ఇచ్చినంక పరీక్షలేంది?" దొర గొంతు కాస్త లేచింది.

"వద్దులే శంకరం" అన్నాడు బావ. అతనికి మంచె మీద ధ్యాస. నేను వినలేదు. కడ్డీ పెట్టి పొడిచాను. జానెడు పైన లోతు నుంచి గట్టిపడిన పసుపు ఉండ ఊడి వచ్చింది. గొట్టం తుడిచి మళ్లీ కన్ను ఆనించాను. లోపలి గాడులు మెలి తిరుగుతూ తళతళలాడుతున్నాయి. మధ్యలో ఒకచోట మాత్రం నల్లటి ఉంగరంలా నీడ. అటు తిప్పినా ఇటు తిప్పినా అక్కడే ఉంది.

గొట్టం అక్కడ ఉబ్బింది. సరిగ్గా ఎడమ చెయ్యి పట్టుకునే చోట, ముందు చెక్క చాటున ఉంది కాబట్టి బయటి నుంచి వేలికి తగలదు. ఉబ్బిన గొట్టం మరో పదిసార్లు బాగానే పేలవచ్చు, మరుసటిసారే చీలవచ్చు. దాని మనసు దానికే తెలియాలి.

"దొరా, ఎప్పుడన్న దీన్ని పేలిస్తె భుజానికి దెబ్బ మామూలుకంటె గట్టిగ తగిలిందా?"

ఆయన చెయ్యి గబుక్కున కుడి భుజం మీదికి పోయింది. గుమ్మడికాయల దొంగ సామెత నాకు గుర్తొచ్చింది.

"మూడేండ్ల కింద, దసరా నాడు" అన్నాడు నెమ్మదిగా. "తుపాకులు చూసుకునే మనిషి ముయా అప్పటికే మమ్మల్ని ఇడిచి వేరే పనికి పోయిండు. నేనే పేల్చిన. వయసు మీద పడ్డది, అందుకని అనుకున్న."

"గుడ్డ తియ్యకుండ పేల్చిన్రు. గొట్టం ఉబ్బింది. ఇది మనిషిని చంపే తుపాకి. తెలిసి మా బావకు అంటగడుతున్రు, ఇది మోసం!"

ఆ మాట నోరు దాటాక గానీ దాని బరువు నాకు తెలియలేదు. బావ నా రెక్క పట్టుకుని గుంజాడు.

"నోరు మూయ్! దొరా, పిల్లగాడు ఏదో అన్నడు. నేను మాట ఇచ్చిన. తీసుకపోత. పొద్దు వాల్తున్నది."

"బావా, అక్క మొకం చూడు."

"కోస పెళ్లాం మొకం రోజూ చూస్తున్న నేను!"

దొర లేచాడు. ముఖం నల్లబడింది. "మా ఇంట్ల మోసం లేదు. నేనే పేల్చి చూపిస్త."

"దొరా, మీకు దండం పెడత. బండి చక్రానికి కట్టి, తాడుతో దూరం నుంచి మీట గుంజుదాం. మా దుకాణంల గట్లనే చేస్తం."

"మా అయ్య తుపాకిని మేకలెక్క కట్టేస్తవా?"

తూటా పెట్టి బోల్టు మూశాడు. నేను బావను గోడ వెనక్కి లాగాను. కొరివితో తల గోక్కుంటున్న మనిషిని ఆపడం ఎవరి తరం? దొర వాకిట్లో నిలబడి, కంచె అవతలి ఎండిన చెట్టుకు గురిపెట్టాడు. నేను కళ్లు మూసుకున్నాను.

పేలింది.

కళ్లు తెరిచేసరికి దొర నిలబడే ఉన్నాడు. చెట్టు బెరడు లేచిపోయింది. బావ చప్పట్లు కొట్టినంత పనిచేశాడు. "సూసినవా? ఉంగరమట, నీడట! దొరా, ఇటియ్యండి, నేను పోత."

దొర తుపాకి దించి, ఎడమ చెయ్యి చెక్క కిందే ఉంచి, నేల వైపు చూశాడు. తరువాత నా వైపు చూశాడు. నేను చెయ్యి చాపితే ఒకడుగు వెనక్కి వేశాడు.

"అమ్మను" అన్నాడు.

"ఏంది దొరా?"

"అమ్మనంటున్న. ఉప్పు జోకుకునేటోడికి మా అయ్య తుపాకి ఏంది? నా తాంబూలం నేను వాపస్ తీసుకుంటున్న. పోండ్రి."

బావ ముఖంలో నెత్తురు చుక్క లేదు. "మాట తప్పుతున్నవా దొరా?"

"తప్పుతున్న. ఊరంత చెప్పుకో."

బావ వాకిట్లో ఉమ్మేసి బండి వైపు నడిచాడు. నేను అక్కడే నిలబడిపోయాను. ఎందుకంటే ముందు చెక్క అడుగు నుంచి ఒక ఎర్రటి చుక్క దుమ్ములో పడింది. తరువాత ఇంకోటి. దొర ఉత్తరీయాన్ని చేతి మీదికి లాక్కున్నాడు. నేను దాని అంచు ఎత్తి చూశాను, అక్రోటు చెక్క నిలువునా చీలి, పేళ్లు అరచేతిలో దిగి ఉన్నాయి.

"దొరా, చెయ్యి..."

"పో. మీ అక్క ఎదురుచూస్తుంటది."

నా కండువా తీసి ఆయన చేతికి చుట్టాను. మోసం అన్నందుకు క్షమించమని అడగబోయాను. బండి మీంచి బావ కేక పెట్టాడు: "రా రా! మాట లేనోడి ముంగట ఏం పని నీకు?"

"ఆయనకు చెప్పకు" అన్నాడు దొర. "తుపాకిదే తప్పయితే ఇంకో తుపాకి తెస్త అంటడు. నామీద కోపంతోనన్న ఇంటికి పోనియ్యి."

కోంటా దాకా బావ ఆ దొర ఏడు తరాలనూ తిడుతూనే ఉన్నాడు. నేను అవతలికి తిరిగి కళ్లు తుడుచుకున్నాను. గడపలో అక్క నిలబడి ఉంది. బావ ఖాళీ చేతులతో దిగడం చూసి గోడకు ఆనుకుంది.

"దొర మాట తప్పిండు. తుపాకి అమ్మడట. రేంజరుకే కబురు పెట్టాలె ఇగ" అన్నాడు బావ, తల దించుకుని.

అక్క మరైగూడ దిక్కుకు తిరిగి రెండు చేతులూ జోడించింది. "ఎవరి కడుపున పుట్టిండో, నూరేండ్లు సల్లగుండాలె ఆ దొర" అంది.

బావ ఆమెను కూడా తిట్టాడు.